మంచు దారికి వేరే చక్రాలు

అక్టోబరు వచ్చేసింది. టొరంటో చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో పండగ హడావిడి మొదలయ్యే కాలం ఇది. దాంతోపాటు ఈ నెలలోనే తెమల్చుకోవాల్సిన పని ఇంకొకటి ఉంది. బండికి చలికాలపు టైర్లు వేయించుకోవడం. ఇప్పుడు దుకాణానికి ఫోన్ చేస్తే మనకు వీలైన రోజునే రమ్మంటారు. మొదటి స్నో పడిన మర్నాడు చేస్తే ఊరంతా అదే పని మీద ఉంటుంది, మన వంతు ఎప్పటికి వస్తుందో చెప్పలేరు. పైగా పెద్ద ఎస్‌యూవీల సైజులు అన్ని దుకాణాల్లోనూ నిల్వ ఉండవు.

ఈ రోజు ప్రత్యేకించి అలాంటి పెద్ద బండ్ల గురించే మాట్లాడతాను. బ్రాంప్టన్‌లో, మిసిసాగాలో, మిల్టన్‌లో మన తెలుగువాళ్ళ వాకిళ్ళలో బీఎండబ్ల్యూ ఎక్స్5లు, మెర్సిడెస్ జీఎల్ఈలు, ఆడి క్యూ7లు, వోల్వో ఎక్స్‌సీ90లు, లెక్సస్ ఆర్ఎక్స్‌లు చాలానే కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి కష్టపడి, ముందు ఇల్లు అమర్చుకుని, ఆ తర్వాత ముచ్చటపడి కొనుక్కున్న బండ్లవి. చలికాలపు టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ బండ్లున్నవాళ్ళే ఎక్కువగా వెనకాడతారు. ఇంత ఖరీదు పెట్టి కొన్నాం, అన్నీ బండే చూసుకుంటుంది అన్న ధీమా ఒకటి. కంపెనీ ఇచ్చిన అందమైన పెద్ద చక్రాలు విప్పి చిన్నవి వేయడానికి మనసొప్పకపోవడం ఇంకొకటి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ దేశంలో చలికాలపు టైర్లూ, వాటికి తగిన రిమ్ములూ బండి ధరలో భాగం. బండికి డబ్బు కట్టే రోజునే వాటికీ పక్కన పెట్టుకోవాలి. ఎంచుకునేటప్పుడు అందం తర్వాత, కొలత ముందు.

“ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదండీ, మళ్ళీ వేరే టైర్లెందుకు?” అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆల్ వీల్ డ్రైవ్ చేసే పనేమిటంటే, ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంచడం. స్నోలో బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి అది బాగా పనికొస్తుంది. కానీ బ్రేకు నొక్కినప్పుడు దాని పాత్ర ఏమీ లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. మలుపులో బండి పక్కకు జారకుండా పట్టుకునేదీ అది కాదు. ఆపడం, తిప్పడం రెండూ టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టు మీదే ఆధారపడతాయి. ఏబీఎస్ అయినా, స్టెబిలిటీ కంట్రోల్ అయినా ఆ పట్టును పొదుపుగా వాడుకోగలవు గానీ లేని పట్టును పుట్టించలేవు.

పెద్ద ఎస్‌యూవీల్లో చాలావాటి బరువు ఖాళీగా ఉన్నప్పుడే రెండు టన్నుల పైన. కుటుంబమంతా ఎక్కి, సామాను పెడితే రెండున్నర టన్నులు. ఆ బరువంతా రోడ్డును తాకేది ఎంత మేరనో తెలుసా? ఒక్కో టైరు కింద రెండు పోస్టుకార్డులు పక్కపక్కన పెట్టినంత జాగా, అంతే. వేగం రెట్టింపైతే బండిలో ఉన్న శక్తి నాలుగింతలవుతుంది. దాన్నంతా ఆ కాస్త జాగాలోనే ఖర్చు చేసి బండిని ఆపాలి. ఆల్ వీల్ డ్రైవ్ వల్ల తేలిగ్గా వేగం అందుకుంటాం. ఆ తేలికను చూసి రోడ్డు బాగానే ఉందనుకుంటాం. అసలు సంగతి ముందు కారు ఆగినప్పుడు గానీ తెలియదు.

టైరులో ఉండే తేడా ఏమిటో చూద్దాం. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల ఎండలో తారు రోడ్డు కాలిపోతుంటే, టైరు వేడెక్కి పేలుతుందేమోనని జాగ్రత్తపడతాం. అక్కడ పెరిగిన మనకు టైరు అంటే వేడి భయమే తెలుసు. ఇక్కడ చలి చేసే పని వేరు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగితే ఎండాకాలపు టైరు రబ్బరు బిరుసెక్కడం మొదలవుతుంది. ఆల్ సీజన్ టైరుకు కూడా చలి ముదిరే కొద్దీ పట్టు తగ్గుతుంది. రోడ్డు మీద స్నో లేకపోయినా, పొడి రోడ్డయినా సరే. చలికాలపు టైరు రబ్బరును సిలికా, ఇతర పదార్థాలు కలిపి, సున్నాకు చాలా కింద కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. రోడ్డు మీది సన్నని గరుకును ఆ మెత్తదనమే పట్టుకుంటుంది.

దుకాణంలో చలికాలపు టైరు మీద ఒకసారి వేలు పెట్టి చూడండి. పెద్ద గాళ్ళ మధ్య ఉన్న ప్రతి రబ్బరు దిమ్మె మీదా కత్తితో గీసినట్టు సన్నని చీలికలు, వంకరటింకరగా, ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. బొటనవేలితో దిమ్మెను ఒక పక్కకు నెడితే ఆ చీలికలు విచ్చుకుంటాయి. బండి నడుస్తున్నప్పుడు జరిగేదీ అదే. ప్రతి చీలికా ఒక అంచు అయి స్నోను కొరుకుతుంది. పెద్ద గాళ్ళలో స్నో కూరుకుంటుంది. స్నోకు స్నో అతుక్కునే గుణం ఉంది కాబట్టి ఆ కూరుకున్నదే కింద ఉన్నదాన్ని పట్టుకుంటుంది.

ఐస్ సంగతి వేరు. చలి ఎంత ఎక్కువైతే ఐస్ అంత జారుడని మనం అనుకుంటాం. నిజానికి సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడే ఐస్ ఎక్కువ ప్రమాదం. దాని మీద పలచని నీటి పొర ఉంటుంది. మైనస్ 20లో ఆ పొర దాదాపు ఉండదు, కాస్త పట్టు దొరుకుతుంది. టొరంటో చలికాలంలో సున్నాకు అటూ ఇటూ ఊగే రోజులే ఎక్కువ. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, తెల్లవారి హైవే ర్యాంపు మీద కంటికి కనబడని బ్లాక్ ఐస్ అవుతుంది. ఆ నీటి పొరను పీల్చి పక్కకు తీయడం మీదే మంచి చలికాలపు టైర్ల తయారీ చాలావరకు నడిచింది.

ఈ టైర్ల వెనక మంచి చరిత్ర ఉంది. 1934లో ఫిన్లాండ్‌లోని ఒక రబ్బరు కంపెనీ లారీల కోసం మొట్టమొదటి చలికాలపు టైరు చేసింది. 1936లో కార్ల కోసం హక్కపెలిట్టా అనే టైరు తెచ్చింది. ఆ కంపెనీయే నేటి నోకియన్. అదే పేరుతో ఇప్పటికీ టైర్లు అమ్ముతోంది. ఆ తర్వాతి కాలంలో ఇనుప మేకులు దిగ్గొట్టిన స్టడెడ్ టైర్లు వాడుకలోకి వచ్చాయి. ఐస్ మీద వాటికి మంచి పట్టు. కానీ జపాన్ ఉత్తరాది పట్టణాల్లో ఆ మేకులు స్నో లేని రోడ్లను గీకి గీకి దుమ్ము లేపాయి. ఊపిరి ఆడని పరిస్థితి వచ్చి 1990లో అక్కడ వాటిని కట్టడి చేస్తూ చట్టం చేశారు. మేకులు లేకుండానే ఐస్‌ను పట్టుకునే టైరు కావాల్సి వచ్చింది. 1988లో బ్రిడ్జ్‌స్టోన్ తెచ్చిన బ్లిజాక్ ఆ అవసరానికి సరిపోయింది. దాని రబ్బరులో కంటికి ఆనని బుడగల్లాంటి ఖాళీలుంటాయి. టైరు అరిగే కొద్దీ అవి పైకి తేలి నీటి పొరను పీల్చుకుంటాయి. ఈ రోజు మిషెలిన్ ఎక్స్-ఐస్, కాంటినెంటల్ వైకింగ్‌కాంటాక్ట్, నోకియన్ హక్కపెలిట్టా ఆర్ వరుస టైర్లు, అన్నీ తమ తమ పద్ధతుల్లో ఇదే పని చేస్తున్నాయి.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలి? మొదట గుర్తు. టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల ఒక మంచు రేకు బొమ్మ ఉండాలి. 1999లో అమెరికా, కెనడా టైరు పరిశ్రమలు కలిసి ఈ గుర్తు తెచ్చాయి. గట్టిపడ్డ స్నో మీద పరీక్షించి, ప్రమాణంగా పెట్టుకున్న టైరు కన్నా కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపిస్తేనే ఇస్తారు. ఎమ్ ప్లస్ ఎస్ అనే అక్షరాలు మాత్రమే ఉంటే సరిపోదు. అది గాళ్ళ ఆకారాన్ని బట్టి వేసుకునే గుర్తే, పరీక్ష లేదు. ఇంకో మాట. కొండ గుర్తు పరీక్ష స్నో మీద బండి ముందుకు కదిలే పట్టును కొలుస్తుంది. ఐస్ మీద ఆగడాన్ని కొలవదు. అందుకే గుర్తున్న టైర్లన్నీ ఒకటే అనుకోకూడదు.

క్యూబెక్‌లో రిజిస్టరైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి. మన ఒంటారియోలో అలాంటి చట్టం లేదు. కానీ 2016 జనవరి 1 నుంచి, చలికాలపు టైర్లు వేసుకున్నవారికి ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలని బీమా కంపెనీలన్నిటికీ నిబంధన ఉంది. టైర్లు వేయించుకున్నాక మీ బీమావాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి. అడగనిదే రాదు.

పెద్ద ఎస్‌యూవీలకు దొరికే చలికాలపు టైర్లు రెండు రకాలు. ఒకటి మెత్తని రబ్బరు, ఎక్కువ చీలికలు ఉండి ఐస్ మీద బాగా పట్టేవి. ఇందాక చెప్పిన బ్లిజాక్, ఎక్స్-ఐస్ లాంటివి. రెండోవి జర్మనీ హైవేలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మిషెలిన్ పైలట్ ఆల్పిన్, పిరెల్లీ స్కార్పియన్ వింటర్ ఈ కోవలోవి. పొడి రోడ్డు మీద, తడి రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు ఇవి నిలకడగా ఉంటాయి, స్టీరింగ్ బిగువుగా ఉంటుంది, ఐస్ మీద పట్టు మాత్రం మొదటి రకమంత ఉండదు. డీలర్లు ఖరీదైన బండికి ఈ రెండో రకాన్నే తరచూ సూచిస్తారు. రోజూ 401 హైవే మీద ఆఫీసుకు వెళ్ళి వచ్చేవాళ్ళకు అది తప్పు ఎంపిక కాదు. కానీ బ్యారీ వైపు, జార్జియన్ బే మీదుగా వచ్చే గాలులతో స్నో కుమ్మరించే చోట ఇల్లున్నవాళ్ళూ, ఇంటి వీధిలో స్నో ఎత్తే బండి ఆలస్యంగా వచ్చేవాళ్ళూ మొదటి రకమే తీసుకోవడం మంచిది. స్టీరింగ్ కాస్త మెత్తగా అనిపిస్తుంది. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ఇక చక్రాల కొలతకు వద్దాం. చాలామంది తడబడేది ఇక్కడే. ఉదాహరణకు 2018లో వచ్చిన నాలుగో తరం ఎక్స్5 తీసుకుందాం. 21 అంగుళాల చక్రాలతో కొన్నవారికి ముందు 275/40, వెనక 315/35 టైర్లు ఉంటాయి. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో. చూడ్డానికి ఎంతో దర్జాగా ఉంటాయి. కానీ వెనక టైరు అంత వెడల్పుంటే స్నోలోకి దిగకుండా పైన తేలుతుంది. పక్క గోడ ఎత్తు 110 మిల్లీమీటర్లే. చలికాలం చివర్లో రోడ్ల మీద పడే గుంతల్లో దిగితే రిమ్ముకు నేరుగా దెబ్బ తగులుతుంది. ముందూ వెనకా సైజులు వేరు కాబట్టి టైర్లను ముందువి వెనక్కి మార్చుకుంటూ వాడే వీలూ లేదు.

అదే బండికి 19 అంగుళాల రిమ్ము, నాలుగు చక్రాలకూ ఒకే సైజు 265/50 వేశారనుకోండి. పక్క గోడ 132 మిల్లీమీటర్ల పైకి వస్తుంది. మొత్తం చక్రం ఎత్తు చూస్తే 21 అంగుళాల దానికి సుమారు 753 మిల్లీమీటర్లు, దీనికి సుమారు 748. తేడా ఒక శాతం కన్నా తక్కువ. స్పీడోమీటరు లెక్క తప్పదు, ఆల్ వీల్ డ్రైవ్ యంత్రానికి ఇబ్బంది రాదు. టైరు సన్నబడింది కాబట్టి స్నోను కోసుకుంటూ కిందికి దిగుతుంది. సైజు తగ్గింది కాబట్టి ధర కూడా తగ్గుతుంది, దుకాణంలో దొరకడమూ తేలిక. అందుకే నా సలహా ఇది. మీ బండికి కంపెనీ ఒప్పుకున్న సైజుల్లో అతి చిన్న చక్రం ఏదో కనుక్కుని అది తీసుకోండి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అతికించిన కాగితం మీద గానీ, బండి పుస్తకంలో గానీ ఆ సైజులుంటాయి. కంపెనీ సైజు కన్నా కిందికి దిగకూడదు. స్పోర్ట్స్ మోడళ్ళకు బ్రేకులు పెద్దవి, చిన్న రిమ్ము వాటికి తగులుతుంది.

టైరు మీద ఆ అంకెల తర్వాత 110 హెచ్ అని ఉంటుంది. 110 అంటే ఒక్కో టైరు 1060 కిలోల బరువు మోయగలదని. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. చలికాలపు టైరుకు వేగపు అక్షరం ఒక మెట్టు తగ్గినా పరవాలేదు. టీ అంటే 190, అంత వేగం ఇక్కడ ఎవరికీ అవసరం లేదు. బరువు అంకె మాత్రం బండికి కంపెనీ చెప్పినదానికన్నా తగ్గకూడదు. చవకగా వచ్చిందని తక్కువ బరువు టైరు ఈ బండ్లకు వేయించడం ప్రమాదం.

రిమ్ముల్లో నాలుగు సంగతులు కలవాలి. బోల్టు రంధ్రాల వలయం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందన్న కొలత), బోల్టు కూర్చునే ఆకారం. మూడో తరం ఎక్స్5కి అయిదు బోల్టుల వలయం 120 మిల్లీమీటర్లు. నాలుగో తరానికి 112. అంటే పాత ఎక్స్5 చలికాలపు చక్రాలు సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికినా కొత్త ఎక్స్5కి పట్టవు. వోల్వో ఎక్స్‌సీ90కి 108, లెక్సస్ ఆర్ఎక్స్‌కి 114.3, పోర్షే కాయెన్‌కి 130. జీఎల్ఈకీ 112 మిల్లీమీటర్లే. అయినా బీఎండబ్ల్యూ బోల్టు మొన కోసుగా, మెర్సిడెస్ కంపెనీ బోల్టు మొన గుండ్రంగా ఉంటుంది. ఒకదాని బోల్టు ఇంకొకదాని రిమ్ములో సరిగ్గా కూర్చోదు. సరిగ్గా కూర్చోని బోల్టు బండి నడుస్తుండగా వదులవుతుంది. బయటి కంపెనీ రిమ్ములు తీసుకుంటే వాటికి తగిన బోల్టులు, మధ్య రంధ్రంలో వేసే రింగులు అడిగి తీసుకోండి.

రంగు విషయంలో కూడా ఒక మాట. ఇక్కడి రోడ్ల మీద చలికాలమంతా ఉప్పు చల్లుతారు. క్రోమ్ పూత, యంత్రంతో చెక్కి పైన పలచని పారదర్శక పూత వేసిన రిమ్ములు ఉప్పుకు తట్టుకోవు. చిన్న రాయి తగిలి పూత లేస్తే చాలు, దాని కింద తెల్లగా బూజు పట్టినట్టు తినేస్తుంది. టైరు అంచు కూర్చునే చోటికి అది పాకితే గాలి కారుతుంది. మామూలు వెండి రంగు, బూడిద రంగు పెయింటు వేసిన సాదా రిమ్ము చలికాలానికి మేలు. ఊచలు తక్కువగా ఉన్నది తీసుకుంటే కడగడమూ సులువు.

వేరే రిమ్ముల సెట్టు ఎందుకు, ఉన్న రిమ్ములకే టైర్లు మార్పించుకుంటే పోదా అంటారేమో. ఏడాదికి రెండుసార్లు టైరు విప్పి, ఎక్కించి, బ్యాలెన్స్ చేయించే కూలీ అయిదారేళ్ళలో రిమ్ముల ఖర్చుకు దగ్గరవుతుంది. విప్పిన ప్రతిసారీ టైరు అంచు నలుగుతుంది. పైగా మీ ఖరీదైన రిమ్ములు ఉప్పులో నానతాయి. చలికాలపు టైర్లు తిరిగిన ప్రతి కిలోమీటరూ మీ ఎండాకాలపు టైర్లు అరగని కిలోమీటరే. కాబట్టి ఖర్చంతా అదనం కాదు. కొత్త సెట్టులో గాలి సెన్సర్లు కూడా వేయించండి. లేకపోతే చలికాలమంతా డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, నిజంగా గాలి పోయిన రోజున తెలియదు. ఎక్స్5లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే రకం) కాని టైర్లు తీసుకుంటే డిక్కీలో పంక్చర్ కిట్టు, గాలి పంపు తప్పక ఉంచుకోండి.

నాలుగూ వేయాలి, రెండు చాలవు. ముందు రెండే వేస్తే మలుపులో వెనక భాగం తిరిగిపోతుంది. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకేలా అరిగినవి అయితేనే ఆల్ వీల్ డ్రైవ్ యంత్రం ఆరోగ్యంగా ఉంటుంది. టైరు ఎప్పుడు తయారైందో పక్క గోడ మీది డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు చెబుతాయి. 3524 అంటే 2024లో 35వ వారం.

బిగించే చోట కాస్త దగ్గరుండి చూడండి. చక్రం విప్పాక హబ్ మీద తుప్పు కనిపిస్తుంది. మంచి మెకానిక్ దాన్ని ఇనుప బ్రష్షుతో రుద్ది శుభ్రం చేసి, అప్పుడు చక్రం ఎక్కిస్తాడు. తుప్పు మీదే బిగిస్తే చక్రం సరిగ్గా ఆనదు, బోల్టులు తర్వాత వదులవుతాయి. చివరి బిగింపు గన్నుతో కాదు, టార్క్ రెంచితో చేయాలి. ఎక్స్5కి 140 న్యూటన్ మీటర్లు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి సరిచూడమని అడగండి.

గాలి మాట మరచిపోవద్దు. 20 డిగ్రీల వెచ్చని గరాజులో 35 పీఎస్ఐ పెట్టిన టైరు బయట మైనస్ 20లో నిలబడితే 28కి పడిపోతుంది. గాలి ఎక్కడా కారలేదు, చల్లబడి కుంచించుకుంది, అంతే. బండి బయట చల్లగా ఉన్నప్పుడు, నడపకముందు కొలవాలి. నెలకొకసారి చూసుకోవాలి. ట్రెడ్ 4 మిల్లీమీటర్లకు అరిగితే, చట్టం ప్రకారం ఇంకా జీవం ఉన్నా, స్నోకు మాత్రం అది పనికిరాదు. ఏప్రిల్‌లో ఉష్ణోగ్రత 7 డిగ్రీల పైన కుదురుకోగానే విప్పేయండి. ఎండ రోడ్డు మీద ఆ మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోతుంది, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ దూరం పోతుంది.

రెండో సెట్టు దాచుకోవడానికి చోటు లేక, స్నో తక్కువ పడే చోట ఉండేవాళ్ళు, ఉదాహరణకు వాంకూవర్‌లోనో, అమెరికాలో మేరీలాండ్, వర్జీనియాలలోనో ఉన్న మన బంధువులు, కొండ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు వేసుకుని ఏడాది పొడవునా తిరగవచ్చు. వాళ్ళకు అది సరైన మధ్యేమార్గం. ఒంటారియోలో ఉన్నవాళ్ళకు నేను దాన్ని సిఫారసు చేయను.

శ్రోతలారా, ఈ బండ్లలో తోలు సీట్లకూ, పాటల వ్యవస్థకూ, పైకప్పు అద్దానికీ మనం మారు మాట్లాడకుండా డబ్బు కడతాం. వాటిలో ఏదీ బండిని ఆపలేదు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నల్ని డిసెంబరు రాత్రి పియర్సన్ విమానాశ్రయం నుంచి ఇంటికి తీసుకువచ్చేది ఈ బండిలోనే, పిల్లల్ని తెల్లవారుజామున ఈత క్లాసుకు తీసుకువెళ్ళేదీ ఈ బండిలోనే. కాబట్టి ఈ వారంలోనే రెండు పనులు చేయండి. డ్రైవరు తలుపు తెరిచి ఆ కాగితం మీది సైజులు ఫోనులో ఫొటో తీసుకోండి. ఆ ఫొటో పట్టుకుని టైరు దుకాణానికి వెళ్ళి, కంపెనీ ఒప్పుకున్న అతి చిన్న రిమ్ము, కొండ గుర్తున్న నాలుగు టైర్లు, సరైన బోల్టులు, సెన్సర్లు, అన్నిటికీ కలిపి ధర అడగండి. థాంక్స్‌గివింగ్ సెలవుల్లోగా ఆ మాట తేలిపోతే, నవంబరు మొదటివారానికల్లా బండి సిద్ధంగా ఉంటుంది.